పాత చెక్క మోటారు లాంచీని అమ్మాలంటే: ముందు అడుగుభాగం, తర్వాతే వార్నిష్

చెక్క లాంచీ కొనాలనుకునేవారిని వార్నిష్ మెరుపే దగ్గరికి రప్పిస్తుంది. ధర మాత్రం అడుగు చూశాకే చెబుతారు. అమ్మేవాళ్ళలో చాలామంది ఉన్న డబ్బూ సమయమూ పై వార్నిష్ మీదే పోసి, అడుగు గురించి అడిగితే తడబడతారు. బేరం అక్కడే చెడుతుంది.

ఫైబర్ పడవకు మోడలూ తయారైన ఏడాదీ చెబితే ధర సుమారుగా తేలిపోతుంది. చెక్క లాంచీకి అలా కుదరదు. ఒకే యార్డులో ఒకే ఏడాది తయారైన రెండు లాంచీల ధరల మధ్య కొన్ని రెట్ల తేడా ఉండొచ్చు. కొనేవారి భయమంతా కంటికి కనబడని వాటి గురించే: పలకలను పట్టి ఉంచిన స్క్రూలు, రంగు కింద మెత్తబడిన చెక్క, ఇంజిన్ కిందికి చెయ్యి దూరని మూలలు. వాటి గురించి రుజువుతో సమాధానం చెప్పగలిగితే బేరం మీరు అడిగిన ధరకు దగ్గరగా వస్తుంది. చెప్పలేకపోతే, కొనేవారు అన్నీ చెడిపోయినట్టే లెక్కేసుకుని తగ్గించి అడుగుతారు.

ముందు మీరే చూడండి

లాంచీని ఒడ్డుకు తీసి, లోపలి ఫ్లోరు పలకలన్నీ విప్పి, బిల్జ్ (లోపల నీరు చేరే అట్టడుగు భాగం) కడిగి ఆరనివ్వండి. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో పలకల మీద వరసగా తట్టుకుంటూ వెళ్ళండి. గట్టి చెక్క కణకణమంటుంది, కుళ్ళినచోట చప్పుడు మందగిస్తుంది. అనుమానం వచ్చినచోట సన్నని దబ్బనంతో మెల్లగా నొక్కి చూడండి. పొడవాల్సిన పని లేదు, మెత్తగా ఉంటే దానంతటదే దిగుతుంది.

ఎక్కడ వెతకాలో తెలియాలంటే కుళ్ళు ఎలా పుడుతుందో తెలియాలి. చెక్కలో తేమ సుమారు 20 శాతం దాటి చాలాకాలం ఉంటేనే బూజు పెరుగుతుంది. ఉప్పునీరు దాన్ని కొంత అణిచి ఉంచుతుంది. వాననీరు, అంటే మంచినీరు, పెంచుతుంది. అందుకే కుళ్ళు చాలాసార్లు నీటిలో ఉండే భాగంలో కాక, పైనుంచి వాన దిగే చోట్ల మొదలవుతుంది: ట్రాన్సమ్ (వెనక అడ్డపలక) పై మూలలు, ముందు స్టెమ్ (ముక్కు దగ్గరి నిలువు దిమ్మ) తల, డెక్కు అంచు పలకల కింద, విండ్‌స్క్రీన్ పాదాల దగ్గర, గాలి ఆడని లాకర్ల అడుగున. రిబ్బుల (పలకలను లోపలినుంచి పట్టి ఉంచే వంపు చెక్కల) కింది కొసల దగ్గర నీరు పోయే రంధ్రాలు మట్టితోనో పాత రంగు పెచ్చులతోనో పూడిపోతే అక్కడా నీరు నిలిచి రిబ్బును తినేస్తుంది. కీల్‌ను, అంటే అడుగున వెన్నెముకలా సాగే దూలాన్ని, ఆనుకుని ఉండే మొదటి పలకను, అంటే గార్‌బోర్డ్‌ను, లోపలా బయటా చివరిదాకా చూడండి.

తర్వాత మేకులూ స్క్రూలూ. రాగి రివెట్లు వాషర్లతో బిగించిన లాంచీ అయితే అదృష్టమే. వదులైన వాషర్లనూ విరిగిన రిబ్బులనూ లెక్కపెట్టి రాసుకుంటే చాలు. కంచు స్క్రూలు కూడా చాలాకాలం ఉంటాయి. చిక్కు ఇత్తడితోనూ ఇనుముతోనూ. ఉప్పునీటిలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి, గులాబీ రంగు పొడి లాంటి రాగి మిగులుతుంది. స్క్రూ ఆకారం అలాగే ఉంటుంది కానీ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే తల విరిగి చేతికొస్తుంది. ఓక్ చెక్కలోని టానిన్ ఇనుప మేకులను తినేస్తుంది, మేకు చుట్టూ నల్లటి మరక పాకి చెక్క కూడా మెత్తబడుతుంది. స్క్రూ తల మీద అంటించే చెక్క బిళ్ళలు వరసగా పైకి తేలి కనబడితే కింద స్క్రూలు వదిలేస్తున్నాయని అర్థం. గార్‌బోర్డ్ నుంచి ఒకటి, అడుగు పక్కలకు తిరిగే బిల్జ్ వంపు దగ్గర ఒకటి, ట్రాన్సమ్ దగ్గర ఒకటి, ముందు భాగంలో ఒకటి తీయించి, ఏది ఎక్కడిదో చీటీ రాసి కవర్లలో దాచండి. ఆ నాలుగు స్క్రూలు బల్ల మీద పెట్టి చూపించడం ఎంత మంచి ప్రకటన కన్నా మేలు.

జింకు ఆనోడ్లు, అంటే తాము కరిగిపోతూ మిగతా లోహాన్ని కాపాడే జింకు ముక్కలు, ఎక్కువ ఉంటే మంచిదేగా అనుకుంటారు. చెక్క లాంచీలో అది నిజం కాదు. అవసరానికి మించి జింకు కట్టి కంచు ఫిట్టింగులన్నిటినీ తీగతో కలిపితే, ఆ ఫిట్టింగుల చుట్టూ క్షారం పుట్టి చెక్కలో పీచును పట్టి ఉంచే లిగ్నిన్‌ను కరిగిస్తుంది. లోపలివైపు సీకాక్‌ల (అడుగు రంధ్రాలకు బిగించే కుళాయిల) చుట్టూ, ప్రొపెల్లర్ షాఫ్ట్ బ్రాకెట్ బోల్టుల చుట్టూ తెల్లటి పొడి, పీచులా విడిపోయే చెక్క కనబడితే కారణం ఇదే కావచ్చు. మంచి సర్వేయర్, అంటే పడవను పరీక్షించే నిపుణుడు, ఈ గుర్తును వదలడు.

ఆఖరుగా కీల్ తిన్నగా ఉందో లేదో. ముందు నుంచి వెనక దాకా తాడు బిగించి పట్టి చూస్తే రెండు కొసలూ వాలి నడుము పైకి లేచిందా అన్నది తెలుస్తుంది. తప్పుగా అమర్చిన ట్రైలర్ దిమ్మెల మీద ఏళ్ళ తరబడి నిలబెట్టిన లాంచీలకు ఈ వంకర సాధారణం. వేగంగా నీటి మీద తేలిపోయే రకం లాంచీలకైతే అడుగులో వెనకవైపు చిన్న వంపు వచ్చినా ముక్కు కిందికి నొక్కుకుపోతుంది, నడక చెడిపోతుంది.

ఏది బాగు చేయాలి, ఏది ముట్టుకోకూడదు

అమ్మేముందు పూర్తి పునరుద్ధరణ చేయించకండి. పెట్టిన డబ్బు తిరిగి రాదు. అంతేకాదు, పనంతా కొత్త రంగు కింద దాగిపోతుంది కాబట్టి కొనేవారికి అనుమానం పెరుగుతుంది. ముఖ్యంగా బిల్జ్‌కు కొత్త రంగు వేయకండి. అనుభవమున్నవాళ్ళు తాజా బిల్జ్ రంగు చూడగానే దాని కింద ఏముందని అడుగుతారు.

లాంచీ మునగకుండా, తగలబడకుండా కాపాడేవి మాత్రం బాగు చేయండి. బిల్జ్ పంపు, దాని ఫ్లోట్ స్విచ్, గట్టిపడిన పెట్రోలు గొట్టాలు, తిరగని సీకాక్‌లు, ఎగ్జాస్ట్ గొట్టం క్లిప్పులు. పాత కార్బురేటర్లలో లక్క పూసిన బెండు ఫ్లోట్లు ఉంటాయి. ఎథనాల్ కలిపిన పెట్రోలు ఆ పూతను కరిగించేస్తుంది, ఫ్లోట్ బరువెక్కి మునిగి పెట్రోలు పొంగుతుంది. అలాంటి ఫ్లోట్ ఉంటే ఇప్పుడే మార్చేయండి. షాఫ్ట్ పడవ బయటికి వెళ్ళేచోట నీటిని ఆపే స్టఫింగ్ బాక్స్ నుంచి షాఫ్ట్ తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు కారడం సరైనదే, ధారగా కారితే ప్యాకింగ్ మార్చాలి. పూర్తిగా బిగించి ఆపేస్తే షాఫ్ట్ కాలి అరుగుతుంది.

వార్నిష్‌కు ఇసుకకాగితంతో తేలిగ్గా రుద్ది ఒకటి రెండు పూతలు చాలు. అతుకుల వెంట చెక్క నల్లబడినచోట ముదురు రంగు పూసి కప్పకండి. నలుపంటే వార్నిష్ కిందికి నీరు దిగినట్టే. అది కనబడనివ్వండి, ధరలో లెక్కేసుకోండి. పాత పలకల మీద బయటినుంచి ఫైబర్ గ్లాసు తొడిగించే ఆలోచన ఉంటే మానేయండి. కదిలే పలకల మీద ఆ తొడుగు అంటుకుని నిలవదు, వెనక తేమ చిక్కుకుని కుళ్ళు పెంచుతుంది. ఇక అమ్మేటప్పుడు ఆ పని చేయించారంటే ఏదో దాచడానికేనని అందరూ అనుకుంటారు. ఇంతకుముందే ఎవరో తొడిగించి ఉంటే ప్రకటనలోనే రాయండి.

అసలు ఇంజిన్ తీసేసి కొత్తది పెట్టి ఉంటే, లేదా విద్యుత్ మోటారు అమర్చి ఉంటే, పాత ఇంజిన్ ఎక్కడుందో వెతికి పట్టండి. పనిచేయకపోయినా సరే. దాంతోపాటు పాత స్టీరింగు చక్రం, డయల్ మీటర్లు, తాళ్ళు కట్టే క్లీట్లు, జెండా కర్ర, అసలు కుర్చీల చట్రాలు. పాత లాంచీని అసలు రూపంలో కోరుకునేవారికి ఆ సామాను విలువ మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ. ఇత్తడి సామాను అద్దంలా రుద్దించాలని, అరిగిన క్రోము మళ్ళీ వేయించాలని తొందరపడకండి. ఆ నిర్ణయం కొనేవారికే వదిలేయండి.

నంబర్లూ కాగితాలూ

లాంచీ ఫలానా యార్డుదని మీరనడం వేరు, లాంచీ మీదే అది రాసి ఉండడం వేరు. చెక్క మీద చెక్కిన హల్ (పడవ ఒడలి) నంబరు, తయారీదారు ప్లేటు, ఇంజిన్ బ్లాకు మీది నంబరు ఫోటోలు తీయండి. అమెరికాలో 1972 నవంబరు 1 నుంచి తయారైన పడవలకు 12 అక్షరాల హల్ గుర్తింపు సంఖ్య ఉండాలి, అంతకుముందువాటికి యార్డు సొంత నంబరే ఆధారం. అమెరికా కంపెనీ క్రిస్ క్రాఫ్ట్ లాంచీ అయితే, వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్‌లో ఉన్న మెరినర్స్ మ్యూజియంలో ఆ కంపెనీ హల్ కార్డులు భద్రంగా ఉన్నాయి. హల్ నంబరుతో అడిగితే ఆ లాంచీ యార్డు వదిలినప్పుడు ఏ ఇంజిన్‌తో, ఏ అమరికలతో వెళ్ళిందో తెలిసే అవకాశం ఉంది. అమ్మకానికి పెట్టే ముందే తెప్పించండి. కార్డులో ఒక ఇంజిన్, లాంచీలో మరో ఇంజిన్ ఉంటే ఆ తేడాను మీరే చెప్పడం మంచిది, కొనేవారు కనిపెట్టే దాకా ఆగకూడదు.

బ్రిటన్‌లో 33 అడుగులు, ఆ పైన పొడవుండి 50 ఏళ్ళు దాటిన పడవల్ని చారిత్రక నౌకల జాతీయ రిజిస్టరులోకి తీసుకుంటారు. అంతకన్నా చిన్నవాటికి కార్న్‌వాల్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం చిన్న పడవల రిజిస్టరు ఉంది. అక్కడి పాత లాంచీల గురించి ఎక్కువగా వినబడే మాట ఒకటుంది: ఇది 1940లో సైనికుల్ని తరలించడానికి ఫ్రాన్స్‌లోని డంకర్క్ వెళ్ళొచ్చిందని. కాగితం లేకుండా ఆ మాట ప్రకటనలో పెట్టకండి. నిజమైతే పాత పేరూ యజమానుల వరసా ఎక్కడో దొరుకుతాయి. రుజువు కానిదాన్ని పెడితే మిగతా నిజాలు కూడా అబద్ధాల్లా కనబడతాయి.

బ్రిటిష్ నౌకల యాజమాన్య రిజిస్టరు మొదటి భాగంలో ఉన్న లాంచీ యాజమాన్యం 64 వాటాలుగా ఉంటుంది. మీ పేరు మీద 64 వాటాలూ ఉన్నాయో లేదో, పాత తనఖా ఏదైనా కొట్టేయకుండా మిగిలిందేమో ముందే చూసుకోండి. చనిపోయిన భాగస్వామి వాటా మార్పించకుండా వదిలేస్తే అమ్మకం నెలల తరబడి ఆగిపోతుంది. యూరప్‌లో వ్యాట్ కట్టిన రుజువు అడుగుతారు. 1985 జనవరి 1కి ముందే వాడకంలోకి వచ్చి, 1992 చివర్లో అప్పటి యూరోపియన్ కమ్యూనిటీలో (ఇప్పటి యూరోపియన్ యూనియన్) ఉన్న పడవకు వ్యాట్ కట్టినట్టే లెక్క, కానీ ఆ రెండు తేదీలకూ కాగితం కావాలి: పాత బీమా పత్రమో, మూరింగ్ (పడవ కట్టేసే చోటు) రసీదో, యార్డు బిల్లో. పాత నమూనాలో కొత్తగా కట్టిన లాంచీ అయితే ఇంకో సంగతి. 1950కి ముందు నమూనా, ప్రధానంగా అసలు పదార్థాలతోనే విడిగా కట్టిన నకలు అయితేనే యూరప్ వినోద నౌకల నిబంధనల నుంచి మినహాయింపు దొరుకుతుంది. పాతదానిలా కనబడినంత మాత్రాన దొరకదు.

నీళ్ళు తాగించడం

అమ్మకాల్లో ఎక్కువ పరువు తీసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. షెడ్డులో నెలల తరబడి ఆరిన పలకలు కుంచించుకుపోతాయి, సందులు తెరుచుకుంటాయి. అలాంటి లాంచీని బేరగాడి కళ్ళముందు నీళ్ళలోకి దించితే జల్లెడలా కారుతుంది. పలకలు మళ్ళీ ఉబ్బి సందులు మూసుకోవడానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాలు పట్టొచ్చు. అందుకని కొనేవారి ముందు నడిపి చూపే ట్రయల్‌కు కనీసం రెండు వారాల ముందు దించండి. మొదటి రోజంతా క్రేన్ పట్టీల మీదే ఉంచి, రెండు పంపులూ బ్యాటరీ ఛార్జరూ పెట్టి కనిపెట్టుకుని ఉండండి. దించడానికి ముందు వారం నుంచీ బిల్జ్‌లో తడి గోనెసంచులు పరచి, బయట తుంపర పట్టిస్తే మేలు.

తెరుచుకున్న సందుల్లో గట్టిపడే పుట్టీ కూరకండి. పలక ఉబ్బినప్పుడు ఆ గట్టి పుట్టీకి ఎటూ జాగా ఉండదు, పలక అంచులు నలుగుతాయి, లేదా రిబ్బులు పగులుతాయి. మెత్తగా ఉండే పుట్టీనే వాడాలి. త్రీ ఎం 5200 లాంటి సీలెంటుతో రెండు పొరలుగా కట్టిన కొత్త అడుగు ఉన్న లాంచీకి ఇదంతా అక్కర్లేదు, నేరుగా దించొచ్చు. ఆ అడుగు ఎవరు, ఏ ఏడాది కట్టారో, పని జరిగేటప్పటి ఫోటోలేవో మీ దగ్గర ఉంటే అమ్మకానికి అంతకన్నా బలమైన ఆధారం లేదు.

ప్రకటన

మొత్తం పొడవు, వెడల్పు, నీటిలో లోతు, నీటిమట్టం నుంచి పైకి ఎత్తు, ఇంజిన్‌తో సహా బరువు రాయండి. వంతెనల కింద నడిచే కాలువ లాంచీకి పైకి ఎత్తు చాలా ముఖ్యం, దాన్నే చాలామంది మరిచిపోతారు. బరువును ఊహించకుండా ట్రైలర్‌తో సహా కాటా వేయించి ట్రైలర్ బరువు తీసేయండి. ప్రొపెల్లర్ మీద 13×10 లాంటి అంకెలుంటే అవీ రాయండి: మొదటిది అంగుళాల్లో వ్యాసం, రెండోది పిచ్, అంటే ఒక చుట్టుకు ముందుకు సాగాల్సిన దూరం. పలకలు ఏ చెక్క, రిబ్బులు ఏ చెక్క, స్క్రూలు ఏ లోహం, విద్యుత్తు 6 వోల్టులా 12 వోల్టులా అన్నవి ఒక్కో వాక్యంలో చెప్పండి. చెడ్డవాటికీ అంతే సూటిగా చోటివ్వండి. "ఎడమవైపు నాలుగో, ఐదో రిబ్బులు విరిగాయి, పక్కన కొత్తవి కట్టాం" అన్న వాక్యం "అద్భుతమైన స్థితిలో ఉంది" అన్నదానికన్నా నమ్మకం కలిగిస్తుంది.

ఫోటోలు మబ్బు పట్టినప్పుడు తీయండి, ఎండలో వార్నిష్ ఆకాశాన్ని ప్రతిబింబించి చెక్క గీతల్ని మింగేస్తుంది. నీటి మీద పక్కనుంచి ఒక మంచి ఫోటో చాలు. మిగతావి అడుగు, బిల్జ్, ఇంజిన్ రెండు వైపులా, స్టఫింగ్ బాక్స్, ట్రాన్సమ్ లోపలివైపు, నంబర్లు, మరమ్మతు చేయాల్సిన చోట్లు. సీజన్ మొదలవడానికి రెండు మూడు నెలల ముందు పెడితే కొనేవారికి సర్వేకూ బీమాకూ సమయం ఉంటుంది. సీజన్ చివర్లో వచ్చేవారు శీతాకాలం నిల్వ ఖర్చును ధరలోంచే తీసేస్తారు.

ధర పెట్టేటప్పుడు ఇతరుల ప్రకటనల్లోని అంకెలు చూడకండి, అవి ఆశలు మాత్రమే. వేలాల్లో నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. ఖర్చుపెట్టిన బిల్లులన్నీ కూడి ధర అనుకోకండి. బిల్లులు చూపించేది పని జరిగిందని మాత్రమే. బ్రోకరు ద్వారా వెళితే 10 శాతం దాకా కమిషన్ ఉంటుంది. పేరున్న యార్డు లాంచీకీ, దూరదేశాల కొనుగోలుదారులకీ అది వృథా కాదు. చిన్న లాంచీకి మాత్రం ఆ రకం ఇష్టపడే క్లబ్బుల్లో నేరుగా చెప్పడమే మంచి దారి.

సర్వే, బయానా, ట్రయల్

బేరం కుదిరాక రాతపూర్వక ఒప్పందం చేసుకుని సాధారణంగా 10 శాతం బయానా తీసుకుంటారు. సర్వేలోనూ ట్రయల్‌లోనూ పెద్ద లోపం బయటపడితే బయానా వాపసు. పెద్ద లోపం అంటే ఏమిటో, ఎన్ని రోజుల్లో తేల్చాలో, పైకెత్తే ఖర్చు ఎవరిదో ఒప్పందంలోనే రాయండి. సర్వే ఖర్చు మామూలుగా కొనేవారిదే. సర్వేయర్ చెక్క బిళ్ళలు తవ్వి స్క్రూలు తీయవచ్చా, తీస్తే తిరిగి మూసేదెవరు అన్నదీ రాతలో ఉండాలి. ఆ అనుమతి ఇవ్వండి. ఇవ్వకపోతే చెక్క పడవ సర్వే సగమే అవుతుంది, చాలా బీమా కంపెనీలు అలాంటి నివేదికను ఒప్పుకోవు కూడా.

ట్రయల్ రోజు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కొనేవారిని రానివ్వండి. ముందే వేడిచేసి పెడితే స్టార్టింగు కష్టం దాచినట్టు అనిపిస్తుంది. పెట్రోలు ఇంజిన్ అయితే స్టార్టు చేసేముందు బ్లోయరు (ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) కనీసం నాలుగు నిమిషాలు నడపాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, బిల్జ్ అడుగున నిలుస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) ముందురోజే కొలిచి కాగితం మీద పెట్టండి. అంకెల మధ్య తేడా 10 శాతం లోపు ఉంటే నిశ్చింత. అరగంట నడిపాక ఫ్లోరు పలక ఎత్తి బిల్జ్ చూపించండి, వాళ్ళు అడిగేదాకా ఆగకండి.

సర్వే నివేదిక వచ్చాక కొనేవారు తగ్గించమంటారు. మీరు ముందే రాతలో చెప్పిన లోపాలకు తగ్గించనక్కర్లేదు, అవి ధరలో ఉన్నవే. కొత్తగా బయటపడినదానికి మాత్రం చెక్క పడవల పని చేసే యార్డు దగ్గర అంచనా తీసుకుని దాని చుట్టూ బేరమాడండి. మొదట అన్నీ చెప్పేసినందుకు ఫలితం ఈ రోజే దక్కుతుంది.

అప్పగింత

డబ్బు పూర్తిగా మీ ఖాతాలోకి చేరిందని బ్యాంకు చెప్పేదాకా లాంచీని కదలనివ్వకండి. అడిగినదానికన్నా ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, మిగిలింది రవాణా మనిషికి ఇవ్వమనే మోసం పడవల అమ్మకాల్లో బాగా పాతది. లాంచీ చూడకుండానే ఒప్పేసుకునేవారి విషయంలో ఇంకా జాగ్రత్త. అమ్మకం పత్రంలో హల్ నంబరు, ఇంజిన్ నంబరు, ట్రైలరు, విడి సామాను జాబితా, తేదీతోపాటు సమయం కూడా రాయండి. ఆ సమయం దాకా బీమా మీ పేరునే ఉండాలి. తర్వాత రిజిస్టరు కార్యాలయానికీ మూరింగు యజమానికీ యాజమాన్యం మారిందని తెలియజేయండి.

ట్రైలర్ మీద వెళుతుంటే బరువు కీల్ మీదే మోపి, పక్క దిమ్మెలు నిలబెట్టడానికి మాత్రమే అనేట్టు అమర్చండి. పట్టీలు డెక్కు అంచుల్ని నొక్కకుండా కింద మెత్తలు పెట్టండి. లాంచీతోపాటు ఒక నోటు పుస్తకం ఇవ్వండి: ఏ వార్నిష్, ఏ రంగు, స్టఫింగ్ బాక్సుకు ఏ కొలత ప్యాకింగు, ఇంజిన్‌కు ఏ ఆయిలు, చలిలో ఏ కాక్‌లు విప్పి నీరు వదలాలి, కొత్తగా దించినప్పుడు పంపు ఎన్ని రోజులు ఎక్కువ తిరుగుతుంది, ఆ తర్వాత కూడా నీరు ఏ పలక దగ్గర చెమ్మగిల్లుతుంది.